బొగ్గు సీమ రైలుబండి

తెలతెలవారే వేళ రామగుండం స్టేషన్‌లో నిలబడి చూస్తే ఆ సీమ జీవనమంతా ఒక్కచోట కుప్పపోసినట్లు గోచరిస్తుంది. రాత్రి షిఫ్టు దిగి, కళ్ల నిండా నిద్రతో స్వగ్రామానికి బయలుదేరిన గని కార్మికుడు ఒక మూల కూర్చొని ఉంటాడు. పుస్తకాల సంచీలు భుజాన వేసుకున్న విద్యార్థులు మంచిర్యాలకో, పెద్దపల్లికో ప్రయాణమై నిలిచి ఉంటారు. కూరగాయల గంపలతో వచ్చిన స్త్రీలు, వరంగల్ ఆసుపత్రికి రోగిని తీసుకొనిపోతున్న కుటుంబం, హనుమకొండలో కొలువు చేసే చిరుద్యోగి - అందరూ పట్టాల వెంట చూపు ఆనినంత దూరం చూస్తుంటారు. గోదావరిఖనికి సొంత రైల్వేస్టేషను లేదు. గనుల పట్టణం నుంచి ఆటోలోనో బస్సులోనో రామగుండం చేరితేగాని రైలు దొరకదు. ఇంత శ్రమపడి వచ్చినవారి నోట వినిపించే ప్రశ్న ఒక్కటే: "బండి ఎంత లేటు?"

ఈ ప్రశ్నకు సమాధానం సాధారణంగా స్టేషన్‌మాస్టరు గదిలో వెదుకుతాం. సిగ్నలు దగ్గర ఆగిందనో, గూడ్సుబండికి దారి ఇచ్చారనో తెలుసుకొని సమాధానపడతాం. ఆ కారణాలు నిజమే. అయితే సమాధానంలో సగభాగం ఆ బండి గడచిన రాత్రి ఎక్కడ నిలిచింది, దాని చక్రాలను ఎవరు తడిమి చూశారు, దాని కడుపు కింద దీపం పట్టుకొని ఎవరు తిరిగారు అన్న విషయంలో దాగి ఉంటుంది. కొత్త రైళ్లు రావడాన్నే ఆధునికీకరణ అనుకోవడం లోకంలో అలవాటు. రైలుతోపాటు రైలుశాల కూడా కొత్తది కాకపోతే ఆ మార్పు రంగు మార్పుగానే మిగిలిపోతుంది. ఆ సంగతిని ఈ సీమనే ఉదాహరణగా తీసుకొని పరిశీలిద్దాం.

తెలుగునేలపై బొగ్గూ, రైలూ ఇంచుమించు కవల పిల్లలు. వాడి నుంచి సికింద్రాబాద్‌కు 1874లో రైలుమార్గం ఏర్పడింది. అంతకు మూడేళ్ల ముందు, 1871లో, భూగర్భ సర్వే శాఖకు చెందిన విలియం కింగ్ ఇల్లందు ప్రాంతంలో బొగ్గు నిక్షేపాలను గుర్తించాడు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీకి తవ్వకం హక్కులు లభించాయి. సికింద్రాబాద్ నుంచి బెజవాడకు వేసిన మార్గం 1889 నాటికి పూర్తయింది. డోర్నకల్ నుంచి ఇల్లందుకు చీలిన శాఖామార్గం బొగ్గు కోసమే పుట్టింది. 1920 డిసెంబరులో సింగరేణి కాలరీస్ కంపెనీ పేరు స్థిరపడింది. కాజీపేట నుంచి గోదావరి దాటి బల్లార్షా వరకు సుమారు 235 కిలోమీటర్ల మార్గం 1920ల దశకంలో దశలవారీగా సాగి, 1929 నాటికి ఉత్తర దక్షిణ దేశాలను నేరుగా కలిపింది. ఢిల్లీ నుంచి మద్రాసుకు పోయే గ్రాండ్ ట్రంక్ మార్గంలో ఇది ముఖ్యమైన కొస. పెద్దపల్లి, రామగుండం, మంచిర్యాల, రవీంద్రఖని, మందమర్రి, బెల్లంపల్లి - ఈ స్టేషన్ల పేర్లను వరుసగా చదివితే ఒక విధంగా బొగ్గు పటాన్ని చదివినట్లే. రైల్వేస్టేషను పేరులోనే 'ఖని' అనే పదం నిలిచిన చోటు ఇక్కడ ఉంది.

ఆనాడు బొగ్గు రైలుకు సరుకు మాత్రమే కాదు, ఆహారం కూడా. గని నుంచి తీసిన బొగ్గును వ్యాగన్లలో నింపేవారు. ఆ వ్యాగన్లను లాగే ఇంజన్ కడుపులోనూ బొగ్గే మండేది. ఆవిరి ఇంజన్ పోషణ ఒక పెద్ద తతంగం. బూడిద దులపాలి, నీరు పట్టాలి, బాయిలర్‌ను నియమిత కాలంలో చల్లార్చి కడగాలి, గొట్టాలలో పేరుకున్న పెచ్చు గీకాలి. గంటల తరబడి మంట రాజేస్తేగాని ఇంజన్ కదలదు. ఈ పనులన్నింటికీ అనువుగా ఆనాటి షెడ్లు రూపొందాయి. బూడిదగుంట, నీటి స్తంభం, బొగ్గు దిబ్బ, ఇంజన్ ముఖం తిప్పే తిరుగుడు బల్ల - ఇవీ వాటి అంగాలు. మన దేశంలో బ్రాడ్‌గేజిపై ఆవిరి ఇంజన్ల నిత్యసేవ 1995తో ముగిసింది. అంతకు ముందే, 1980ల చివరి సంవత్సరాలలో, కాజీపేట - బల్లార్షా మార్గంపై విద్యుత్ తీగ పరచుకుంది.

ఇక్కడ ఒక చమత్కారం ఉంది. 1978లో రామగుండం వద్ద జాతీయ థర్మల్ విద్యుత్ సంస్థ వారి కేంద్రానికి శంకుస్థాపన జరిగింది. 1983లో తొలి యూనిట్ పని ప్రారంభించింది. క్రమంగా ఆ కేంద్రం సామర్థ్యం 2600 మెగావాట్లకు పెరిగింది. సింగరేణి బొగ్గు అక్కడ మండి విద్యుత్తుగా మారి గ్రిడ్‌లో కలుస్తుంది. ఆ గ్రిడ్ నుంచే రైలు తీగకు విద్యుత్తు అందుతుంది. పూర్వం ఇంజన్ పొయ్యిలో మండిన బొగ్గు నేడు దూరాన ఉన్న బాయిలరులో మండి, తీగ వెంట నడచివచ్చి అదే బండిని లాగుతున్నది. ఇంధనం మారలేదు, మంట మండే చోటు మారింది. ఆ మార్పుతో ప్రయాణికుడి ముఖాన మసి తగ్గింది గాని, రైలు పోషణ విధానం మాత్రం సమూలంగా మారవలసి వచ్చింది.

ఈ విద్యుత్కేంద్రానికి గని నుంచి బొగ్గు తెచ్చే రైళ్లను 'మెర్రీ గో రౌండ్' రైళ్లంటారు. అవి చుట్టుమార్గంలో తిరుగుతూ, నిలవకుండానే, నెమ్మదిగా కదులుతూనే అడుగున తలుపులు తెరచి బొగ్గును కింది గోతిలో కుమ్మరిస్తాయి. వాటికి సొంత పట్టాలున్నాయి, సొంత ఇంజన్లున్నాయి, బాగుచేసే ఏర్పాట్లు దగ్గరలోనే ఉన్నాయి. బొగ్గు ఒక్కరోజు రాకపోతే ఎంత నష్టమో లెక్క కట్టగలరు కనుక దాని రైలుకు ఇంతటి గౌరవం దక్కింది. విద్యార్థి పరీక్షకు అందకపోతే కలిగే నష్టాన్ని ఏ పద్దులోనూ రాయరు. మనుషులను మోసే చిన్న రైలు చిరకాలం వెనుకబడి ఉండడానికి ఇదీ ఒక కారణమని చెప్పక తప్పదు.

ఆ చిన్న రైలు కథ కొంత వివరంగా తెలుసుకోవాలి. దీర్ఘకాలం ఈ మార్గంలో ప్యాసింజర్ రైళ్లు నడిచాయి. భద్రాచలం రోడ్డు నుంచి ఈ బొగ్గు పట్టణాల మీదుగా సాగే బండిని జనం 'సింగరేణి ప్యాసింజర్' అన్నారు. ఒక ఇంజన్, దాని వెనుక పదీ పన్నెండు పెట్టెలు - అదే దాని రూపం. గమ్యం చేరగానే ఇంజన్‌ను విప్పాలి, పక్క పట్టా మీదుగా రెండో చివరకు తెచ్చి మళ్లీ తగిలించాలి, బ్రేకు గొట్టాలు కలిపి పరీక్షించాలి. ఇందుకు పట్టే సమయం వృథా. ఇంజన్ తిరగడానికి ఒక పట్టా ఖాళీగా ఉండాలి. ఈ చిక్కును తప్పించడానికి 'పుష్‌పుల్' రైళ్లు వచ్చాయి. వాటికి ఒక చివర ఇంజన్, మరో చివర డ్రైవరు గది ఉన్న పెట్టె. పోయేటప్పుడు లాగుతుంది, వచ్చేటప్పుడు నెడుతుంది. ఈ పేరు తెలంగాణ పల్లెల్లో ఎంతగా పాతుకుపోయిందంటే, తరువాత వచ్చిన వేరే రకం రైళ్లను కూడా వృద్ధులు 'పుష్‌పుల్' అనే పిలుస్తూ వచ్చారు. భాషలో ఒక మాట నిలవాలంటే నిఘంటువు అక్కరలేదు, రోజూ ఒక వేళకు వచ్చే బండి చాలు.

పుష్‌పుల్ తరువాతి మెట్టు మెమూ. పూర్తి పేరు మెయిన్‌లైన్ ఎలక్ట్రికల్ మల్టిపుల్ యూనిట్. మన దేశంలో 1990ల నడుమ ఈ పేరుగల రైళ్లు మొదలయ్యాయి. దీని మూలసూత్రం మాత్రం పాతదే. 1925 ఫిబ్రవరి 3న బొంబాయి విక్టోరియా టెర్మినస్ నుంచి కుర్లాకు నడిచిన తొలి విద్యుత్ రైలు ఈ జాతికి చెందినదే. జపాన్‌లో 1964లో ప్రారంభమైన షింకన్‌సెన్ అతివేగ రైలు కూడా ఇదే సూత్రాన్ని అనుసరించింది. మన హైదరాబాద్ నగరవాసులకు 2003 ఆగస్టు 9న మొదలైన ఎంఎంటీఎస్ రైళ్ల ద్వారా ఇది పరిచితమైంది.

ఆ సూత్రమేమిటి? ఇంజన్ లాగే రైలు, ముందున్న ఒక్క ఎద్దుకు బండ్ల వరుసనంతా కట్టినట్లుంటుంది. భారమంతా దాని మెడ మీదే. మెమూ రైలు పల్లకి వంటిది. బోయీలు పల్లకికి ముందొకరు, వెనుకొకరు భుజం పట్టినట్లు, రైలు పొడవునా కొన్ని పెట్టెల కింద మోటార్లు అమర్చి ఉంటాయి. వీటిని మోటారు కోచ్‌లంటారు. వీటి నడుమ మోటారు లేని ట్రైలర్ కోచ్‌లుంటాయి. పాత పద్ధతిలో సాధారణంగా ఒక మోటారు కోచ్, మూడు ట్రైలర్ కోచ్‌లు కలిసి ఒక యూనిట్. రద్దీని బట్టి రెండు, మూడు, నాలుగు యూనిట్లను కలిపి నడపవచ్చు. రెండు చివరలా డ్రైవరు గదులుంటాయి కనుక ఇంజన్‌ను తిప్పే పని లేదు. డ్రైవరు ఈ చివర దిగి ఆ చివర ఎక్కితే చాలు.

రైలు పొడవునా పలు చక్రాలకు చోదకశక్తి అందడం వలన ఈ రైలు చప్పున వేగం అందుకుంటుంది, చప్పున ఆగుతుంది. ఎక్స్‌ప్రెస్ రైలుకు ఈ గుణం అంత ముఖ్యం కాదు, అది ఒకసారి వేగం పుంజుకుంటే గంటసేపు ఆగదు. ప్రతి పది కిలోమీటర్లకూ ఆగవలసిన రైలుకు ఇదే ప్రాణం. ఒక్కొక్క మజిలీ వద్ద ఒక్క నిమిషం కలిసివచ్చిందనుకుందాం. పదిహేను మజిలీలు గడిచేసరికి పావుగంట మిగులుతుంది. ఉదయం కళాశాలకు పోయే విద్యార్థికి ఆ పావుగంట హాజరు పట్టీలో ఒక గడి.

మెమూలలో కూడా రెండు తరాలున్నాయి. తొలితరం రైళ్లలో డీసీ మోటార్లు ఉండేవి. ఆ మోటారు లోపల తిరిగే భాగానికి విద్యుత్తును అందించడానికి కార్బన్ బ్రష్షులు నిరంతరం రాసుకుంటూ ఉండాలి. రాపిడి వలన అవి అరుగుతాయి, పొడి రాలుతుంది, నిప్పురవ్వలు పుడతాయి. అప్పుడప్పుడు విప్పి శుభ్రపరచి కొత్తవి వేయాలి. రెండవ తరం మెమూలు త్రీఫేజ్ విధానంలో పనిచేస్తాయి. తీగపై 25 వేల వోల్టుల వద్ద ఉన్న విద్యుత్తును ట్రాన్స్‌ఫార్మర్ తగ్గిస్తుంది. ఆ తరువాత ఎలక్ట్రానిక్ పరికరాలు దానిని కావలసిన రీతిలో మలచి మోటార్లకు అందిస్తాయి. ఈ మోటార్లకు బ్రష్షులు లేవు. గాలిలో బొగ్గుధూళి నిండిన సీమలో రాపిడి భాగం ఒకటి తగ్గడం ఎంత మేలో వేరుగా చెప్పనక్కరలేదు. మరొక విశేషం, బ్రేకు వేసినప్పుడు ఈ మోటార్లే జనరేటర్లుగా మారి విద్యుత్తును తిరిగి తీగకు పంపుతాయి. దీనివల్ల సుమారు 35 శాతం వరకు విద్యుత్తు ఆదా అవుతుందని అంచనా. బండి ఆగేటప్పుడు వేడిగా వృథా అయ్యే శక్తి, అదే తీగ మీద నడిచే మరో బండికి ఉపయోగపడుతుందన్నమాట. ఈ రైళ్ల గరిష్ఠ వేగం గంటకు 110 కిలోమీటర్లు. తుప్పుపట్టని ఉక్కు పెట్టెలు, కొన్ని పెట్టెల్లో జీవమరుగుదొడ్లు, రాబోయే స్టేషను పేరు చూపే పలకలు - ఇవి ప్రయాణికుడి కంటికి కనిపించే మార్పులు. పాత మెమూలలో మరుగుదొడ్డి లేక స్త్రీలు, వృద్ధులు, మధుమేహ రోగులు పడిన అవస్థ వర్ణనాతీతం. ఇంజనీరింగ్ విశేషాల కంటే ఈ ఒక్క మార్పే వారికి గొప్పది.

ఇంతవరకు బండిని గురించి చెప్పుకున్నాం. ఇక బండి నిలిచే శాలకు వద్దాం.

మహాభారతంలో ద్రోణపర్వంలో ఒక ఘట్టం ఉంది. సూర్యాస్తమయంలోగా సైంధవుణ్ణి వధిస్తానని ప్రతిజ్ఞ పూనిన అర్జునుడు శత్రుసేనను చీల్చుకొనిపోతున్నాడు. ప్రతి క్షణమూ అమూల్యమే. గుర్రాలు అలసిపోయాయి, వాటి శరీరాల్లో బాణాలు దిగబడ్డాయి. అప్పుడు రణరంగం నట్టనడుమ రథం ఆగింది. అర్జునుడు బాణంతో నేలను భేదించి కొలను కల్పించాడు. శ్రీకృష్ణుడు గుర్రాలను విప్పి, బాణాలు పెరికి, నీరు తాగించి, ఒళ్లు నిమిరి తిరిగి రథానికి పూన్చాడు. సమయం లేని రోజునే సారథి సమయం తీసుకున్నాడు. రైలుశాలలో పనిచేసేవారికి ఈ ఘట్టం నేర్పవలసిన అవసరం లేదు. ఏ బండిని ఎప్పుడు ఆపాలో తెలియని సంస్థ, దారి మధ్యలో అది తానే ఆగేదాకా నడుపుతుందని వారు ఎరుగుదురు.

నడిచి వచ్చిన రైలును శాలలో 'పిట్ లైన్' మీద నిలుపుతారు. పట్టాల నడుమ నిలువెత్తు గొయ్యి ఉంటుంది. మనిషి అందులో దిగి తల పైకెత్తితే బండి అడుగుభాగమంతా కనిపిస్తుంది. బ్రేకు దిమ్మల అరుగుదల, స్ప్రింగుల బిగువు, గాలిగొట్టాల అతుకులు, మోటారు తగిలించిన బోల్టులు - అన్నింటినీ చూడాలి. పైన వేరే పని. 25 వేల వోల్టుల తీగ నుంచి విద్యుత్తును గ్రహించే చేయి వంటి సాధనాన్ని పాంటోగ్రాఫ్ అంటారు. దాని కొసన ఉండే కార్బన్ పట్టీ తీగకు రాసుకుంటూ అరుగుతుంది. దానిని పరీక్షించడానికి బండి కప్పు ఎక్కాలి. ఎక్కే ముందు ఆ లైనుకు విద్యుత్తు ఆపి, తీగను భూమికి కలిపి, కలిపిన సంగతి రూఢి చేసుకోవాలి. ఇందులో ఒక్క మెట్టు తప్పినా ప్రాణం దక్కదు.

పూర్వం చక్రాలను పరీక్షించడానికి ఒక కార్మికుడు పొడవైన పిడిగల సుత్తితో ఒక్కొక్క చక్రాన్నీ తట్టి చెవి ఒగ్గి వినేవాడు. ఖంగున మోగితే చక్రం బాగున్నట్లు. బొంగురుగా పలికితే పగులు ఉన్నట్లు. గోదావరిఖని పిల్లలకు ఈ విద్య కొత్త కాదు. భూగర్భ గనిలో పనిస్థలానికి వెళ్లిన కార్మికుడు ముందుగా చేసే పని, కడ్డీతో పైకప్పును తట్టి శబ్దం వినడం. గట్టి శబ్దమైతే కప్పు నిలకడగా ఉంది. డొల్ల శబ్దమైతే పొర విడిపోయింది, కిందకు వెళ్లరాదు. గనిలో తండ్రి కప్పును తట్టి వినడం, రైలుశాలలో కొడుకు చక్రాన్ని తట్టి వినడం ఒకే విద్యకు రెండు శాఖలు. నేడు ఇరుసులలోని పగుళ్లను అతిధ్వని తరంగాలతో కనిపెడుతున్నారు. కంటికీ, చెవికీ అందని సన్నని పగులును కూడా ఆ పరికరం తెర మీద గీతగా చూపుతుంది. అయితే ఆ గీత దేనిని సూచిస్తున్నదో చెప్పడానికి మళ్లీ తరిఫీదు పొందిన మనిషే కావాలి.

చక్రాల విషయంలో మరొక చిక్కు ఉంది. బ్రేకు బిగుసుకొని చక్రం తిరగకుండా పట్టాపై జారితే, తాకిన చోట అది చదునుగా అరుగుతుంది. ఆ తరువాత బండి నడిచినప్పుడల్లా 'టక్ టక్' మని ఆ చదునుభాగం పట్టాను కొడుతుంది. రైలులో కూర్చున్నవారు ఆ లయకు జోగుతారు. కింద పట్టాకూ, బేరింగుకూ మాత్రం అది సుత్తిదెబ్బ. చక్రాన్ని తిరిగి గుండ్రంగా చెక్కాలి. పాత పద్ధతిలో పెట్టెను పైకి లేపి, చక్రాలను విడదీసి, దూరాన ఉన్న వర్క్‌షాపుకు పంపేవారు. బండి రోజుల తరబడి మూలపడేది. ఆధునిక శాలలో పట్టా కిందనే అమర్చిన లేత్ యంత్రం ఉంటుంది. చక్రాన్ని బండి నుంచి విప్పకుండానే అది చెక్కివేస్తుంది. రోజుల పని గంటల్లోకి వస్తుంది. కొత్త రైలుకు పూలదండలు వేసి జెండా ఊపుతారు గాని, ఈ లేత్ యంత్రానికి ఎవరూ కొబ్బరికాయ కొట్టిన ఫోటో పత్రికల్లో కనిపించదు. నా దృష్టిలో సమయపాలన విషయంలో ఒక కొత్త రైలు కంటే ఒక మంచి లేత్ చేసే మేలు ఎక్కువ.

బొగ్గు సీమకు ప్రత్యేకమైన బాధ ఒకటి ఉంది. తెరచిన వ్యాగన్లలో బొగ్గు పోతున్నప్పుడు సన్నని ధూళి లేచి పరిసరాలన్నింటిపైనా పేరుకుంటుంది. విద్యుత్ తీగను స్తంభం నుంచీ, పాంటోగ్రాఫ్‌ను బండి కప్పు నుంచీ వేరుచేసే పింగాణీ ఇన్సులేటర్లపై ఈ పొర చేరుతుంది. పొడిగా ఉన్నంతవరకు ప్రమాదం తక్కువ. శీతకాలపు తెల్లవారుజామున మంచు కురిసి ఆ పొర తడిసిందంటే విద్యుత్తు దాని మీదుగా దారి చేసుకొని ఒక్కసారి మెరుపులా దూకుతుంది. వెంటనే రక్షక పరికరం సరఫరాను నిలిపివేస్తుంది. బండి ఆగిపోతుంది. కారణం తెలియని ప్రయాణికుడు డ్రైవరును తిట్టుకుంటాడు. దీనికి మందు ఒక్కటే - తుడవడం. నియమంగా, ఓపికగా, తడిబట్టతో, పొడిబట్టతో తుడవడం. అలాగే మోటార్లకూ, ఎలక్ట్రానిక్ పరికరాలకూ చల్లని గాలి అందించే జల్లెడలను తరచుగా శుభ్రపరచాలి. మరొక ప్రాంతానికి నిర్ణయించిన తనిఖీ గడువు ఇక్కడ చాలదు. త్రీఫేజ్ రైలు ఎంత నవీనమైనదో దాని పరికరాలు అంత సుకుమారమైనవి. మోటారు తనకు తాను ధూళిని తట్టుకున్నా, దానిని శాసించే ఎలక్ట్రానిక్ పలక తట్టుకోలేదు.

మన ప్రాంతంలో రైలుశాలల పరంపర చిన్నది కాదు. నిజాం ప్రభుత్వ రైల్వే కాలంలో 1893లో ఏర్పడిన లాలాగూడ వర్క్‌షాపు నేటికీ పెట్టెల మరమ్మతుకు కేంద్రం. కాజీపేటలో ఇంజన్ల షెడ్లు ఉన్నాయి. మౌలాలిలో ఎంఎంటీఎస్, మెమూ రైళ్ల కోసం కార్‌షెడ్ ఏర్పడింది. ఆంధ్రప్రదేశ్‌లో రాజమండ్రి వద్ద మెమూ షెడ్ ఉంది. అయితే ఇంజన్ కోసం కట్టిన శాలలో మెమూను పోషించడం సులభం కాదు. ఇంజన్ ఒక్కటే లోపలికి వస్తుంది, పని ముగించుకొని పోతుంది. మెమూ రైలులో యంత్రభాగాలు పొడవునా వ్యాపించి ఉంటాయి. పన్నెండు పెట్టెల మెమూ రమారమి పావు కిలోమీటరు పొడవు. శాల అంత పొడవు లేకపోతే రైలును ముక్కలుగా విడదీసి, ఒక్కొక్క ముక్కనూ లోపలికి తెచ్చి, మళ్లీ కలపాలి. ప్రతి విడదీతలోనూ విద్యుత్ తీగలు, గాలిగొట్టాలు, సంకేతాలు మోసే తంతులు విప్పి కలపవలసినవే. బాగుచేయడానికి తెచ్చిన బండికి ఈ విప్పడం, కలపడంలోనే కొత్త జబ్బు పుట్టే ప్రమాదం ఉంది. శాల దూరాన ఉంటే మరో నష్టం. చిన్న లోపానికి కూడా బండి నూరేసి కిలోమీటర్లు ఖాళీగా పోయి రావాలి. ఆ రోజు దాని సేవ లేనట్లే. పూర్తి కార్‌షెడ్ కాకపోయినా, రైలు రాత్రి మకాం చేసే చోటనే పిట్ లైను, నీటి సదుపాయం, కొద్దిపాటి విడిభాగాల నిల్వ ఉండడం అత్యవసరం.

మనిషి సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. ముప్పై ఏళ్లు డీజిల్ ఇంజన్లతో గడిపిన ఫిట్టరుకు వాసన చూస్తే నూనె కాలుతున్నదో లేదో తెలుస్తుంది, చేయి ఆనిస్తే బేరింగు వేడి తెలుస్తుంది. దేశమంతటా డీజిల్ షెడ్లు విద్యుత్ ఇంజన్ల పోషణకు మారుతున్న ఈ కాలంలో అతని ఎదుట నూనె లేదు, పొగ లేదు, తెర మీద ఒక సంకేత సంఖ్య మాత్రం ఉంది. అతనికి కొత్త విద్య నేర్పకుండా, కంప్యూటరు చేతికిచ్చి నీ పని నీవు చూసుకో అనడం అన్యాయం. అలాగని కొత్తగా చేరిన డిప్లొమా యువకుడికి సంఖ్యలు తెలుసు గాని వేడి తెలియదు. ఇద్దరినీ ఒకే గొయ్యిలో నిలబెట్టినప్పుడే శాల ఆధునికమవుతుంది. సింగరేణిలో గడ్డపార కాలం నుంచి యంత్రాల కాలానికి మారినప్పుడు కార్మిక కుటుంబాలు ఈ బాధను అనుభవించాయి. యంత్రం వచ్చినప్పుడల్లా 'మన పని ఉంటుందా?' అన్న ప్రశ్న ఆ ఇళ్లల్లో వినిపించింది. రైలుశాలలోనూ అదే ప్రశ్న వినిపించడంలో ఆశ్చర్యం లేదు.

కాజీపేటలో రైలుపెట్టెల కర్మాగారం కావాలన్న కోరిక 1980ల నాటిది. 2023 జూలై 8న అక్కడ రైల్వే తయారీ యూనిట్‌కు శంకుస్థాపన జరిగింది. అంచనా వ్యయం 521 కోట్ల రూపాయలు. మొదట వ్యాగన్ల ఆవర్తన మరమ్మతు కోసం తలపెట్టిన పనినే విస్తరించి తయారీ కేంద్రంగా మార్చారు. ఇది ఈ ప్రాంత యువతకు ఆశాజనకమైన విషయం. ఒక భేదం మాత్రం గుర్తుంచుకోవాలి. కర్మాగారంలో ఒక పెట్టె కొన్ని వారాలుంటుంది. అక్కడి నుంచి వెళ్లాక దానికి పాతికేళ్లకు పైబడిన జీవితం ఉంటుంది. ఆ జీవితమంతా శాలల చేతుల్లోనే గడుస్తుంది. పుట్టినింటికి వచ్చిన పేరు పెంచిన ఇంటికి రాదు.

ప్రయాణికుడి వైపు నుంచి చూస్తే ఆధునికీకరణకు మరొక పరీక్ష ఉంది, అది ఛార్జీ. 2020 మార్చిలో కరోనా కారణంగా ప్యాసింజర్ రైళ్లన్నీ నిలిచిపోయాయి. తిరిగి వచ్చినప్పుడు పలు మార్గాల్లో వాటిని ఎక్స్‌ప్రెస్ స్పెషళ్లుగా పేర్కొన్నారు. పది రూపాయలున్న కనీస ఛార్జీ ముప్పై రూపాయలైంది. ఆగే స్టేషన్లు అవే, వేగం ఇంచుమించు అదే, పేరు మాత్రం పెద్దదైంది. 2024 ఫిబ్రవరిలో పాత కనీస ఛార్జీ తిరిగి వచ్చేదాకా కూరగాయల గంపతో ప్రయాణించే స్త్రీకి రాకపోకల ఖర్చే లాభాన్ని మింగింది. ఆ నాలుగేళ్లలో రైలు వదిలి ఆటోలకు మళ్లినవారిని తిరిగి స్టేషన్‌కు రప్పించడం కొత్త పెట్టెలు తేవడం కంటే కష్టమైన పని.

ఇక దారి సంగతి. ఈ మార్గంపై ఢిల్లీ, చెన్నై, హైదరాబాద్ ఎక్స్‌ప్రెస్‌లు, వాటి నడుమ నాలుగు వేల టన్నులకు దగ్గరైన బరువుతో బొగ్గు రైళ్లు సాగుతుంటాయి. చిన్న రైలు ఈ పెద్దల నడుమ సందు చూసుకొని నడవాలి. ఎంత చప్పున వేగం అందుకునే మెమూ అయినా ముందు గూడ్సు ఉంటే దాని వేగంతోనే పోవాలి, లేదా లూప్‌లైన్‌లో నిలవాలి. అందుకే కాజీపేట - బల్లార్షా మూడో లైను ఈ చర్చలో భాగమైంది. రాఘవాపురం నుంచి మందమర్రి వరకు ముందుగా చేపట్టిన భాగం పోగా, మిగిలిన 202 కిలోమీటర్ల పని భాగాలవారీగా సాగి, పూర్తయిన భాగాలు ఒక్కొక్కటిగా వాడుకలోకి వచ్చాయి. బొగ్గు రైళ్లు ఒక పక్కకు తొలగితే లోకల్ రైలుకు వేళ దక్కుతుంది. దానితోపాటు పట్టాలను, తీగను తనిఖీ చేయడానికి సిబ్బందికి పగటిపూట ఖాళీ సమయం దొరుకుతుంది. రెండు లైన్లపై నిరంతరం బళ్లు పోతుంటే ఇన్సులేటర్లు తుడిచే కార్మికుడికి నిచ్చెన వేసుకొనే వ్యవధి ఎక్కడ?

ఉదయపు తొలి బండి కదిలే ముందు శాలలో జరిగే చివరి పని బ్రేకు పరీక్ష. రైలు పొడవునా గాలి నింపి, బ్రేకు వేసి, ఒక్కొక్క పెట్టె దగ్గరా దిమ్మలు చక్రాన్ని పట్టాయో లేదో దీపం పట్టుకొని చూస్తారు. వదిలినప్పుడు విడిచాయో లేదో మళ్లీ చూస్తారు. అన్నీ సరిపోయాక పత్రంపై సంతకం పడుతుంది. డ్రైవరు ఆ పత్రాన్ని చదివి, తానూ ఒకసారి పరీక్షిస్తాడు. అప్పటికి గోదావరిఖనిలో మొదటి షిఫ్టుకు పోయేవారు బూట్లు తొడుక్కుంటూ ఉంటారు. రామగుండం ప్లాట్‌ఫారం మీద ఎవరో ఒకరు అప్పుడే అడగడం మొదలుపెడతారు, బండి ఎంత లేటని.